పిలాటిస్ నేర్పడం, దాని మీద నిలబడటం

2000 అక్టోబరు 19న న్యూయార్క్ ఫెడరల్ జిల్లా కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ‘పిలాటిస్’ అనే వ్యాయామ పద్ధతి పేరు మీద ఎవరికీ ట్రేడ్‌మార్క్ హక్కు లేదని తేల్చింది. 1990ల్లో షాన్ గాలహర్ అనే ఫిజికల్ థెరపిస్ట్ ఆ పేరు తనదేనంటూ, అడగకుండా బోర్డు పెట్టుకున్న స్టూడియోలకు, టీచర్లకు లాయర్ నోటీసులు పంపుతూ వచ్చాడు. చాలామంది భయపడి బోర్డులు మార్చుకున్నారు. వ్యాయామ పరికరాలు తయారుచేసే ఒక కాలిఫోర్నియా కంపెనీ, ఇప్పుడు బ్యాలెన్స్‌డ్ బాడీ అంటున్నది, మాత్రం కోర్టులో ఎదురు నిలిచింది. యోగా, కరాటే లాగే పిలాటిస్ కూడా ఒక వ్యాయామ పద్ధతి పేరే గానీ ఒకరి సొత్తు కాదని జడ్జి మిరియమ్ సీడర్‌బామ్ తీర్పు చెప్పారు.

మరో పదిహేనేళ్లకు, 2015లో, అమెరికాలోనే ఒక అప్పీల్ కోర్టు యోగా గురువు బిక్రమ్ చౌదరి కేసులో అలాంటి మాటే అంది. 26 ఆసనాలు, రెండు శ్వాస పద్ధతులు ఫలానా వరుసలో చేయించడం మీద కాపీరైట్ ఉండదని ఆ తీర్పు. అది యోగా కేసే అయినా వ్యాయామం నేర్పేవాళ్లందరికీ వర్తించే ఆలోచన అందులో ఉంది.

ఈ రెండు తీర్పులూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మ్యాట్ పరిచి క్లాసు మొదలుపెట్టే టీచర్‌కు దూరపు సంగతుల్లా కనిపిస్తాయి. నిజానికి ఈ వృత్తి ఆర్థికమంతా వీటి చుట్టూనే తిరుగుతోంది. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. కదలికలు ఎవరైనా చేయించవచ్చు. స్ప్రింగులతో పనిచేసే పిలాటిస్ మెషిన్ డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు. పక్క వీధిలో రేపు ఇంకో స్టూడియో తెరిస్తే ఆపే దారి లేదు. మరి ఫీజు దేనికి కడుతున్నారు? టీచర్ చూపుకు. ఎదురుగా ఉన్న శరీరాన్ని చూసి, అది ఎక్కడ దొంగతనం చేస్తోందో పట్టుకుని, ఒక్క మాటతోనో ఒక్క స్ప్రింగ్ మార్పుతోనో సరిచేసే నేర్పుకు. బిజినెస్ పెంచుకోవడం గురించి ఏం మాట్లాడినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. చాలామంది మాత్రం బోర్డు, మెషిన్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ నుంచి మొదలుపెడుతున్నారు.

ఈ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలోని మోంచెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఆస్తమాతో, రికెట్స్‌తో బాధపడిన పిల్లవాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఇంగ్లండ్‌లో ఉండటంతో శత్రుదేశ పౌరుడంటూ ఆయన్ను నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని ఆ శిబిరంలో మంచం పట్టిన రోగుల కోసం మంచానికి స్ప్రింగులు తగిలించి వ్యాయామం చేయించాడనీ, ఇప్పటి మెషిన్లకు బీజం అక్కడే పడిందనీ చెప్పుకుంటారు. 1926లో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి ఎనిమిదో అవెన్యూలో స్టూడియో నడిపాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు ‘కంట్రాలజీ’. జార్జ్ బాలన్‌షీన్, మార్తా గ్రాహమ్ లాంటి నృత్య దర్శకులు గాయపడిన డాన్సర్లను ఆయన దగ్గరికి పంపేవారు. అంటే ఆ స్టూడియోకు పేరు తెచ్చింది ప్రకటన కాదు, కోలుకుని మళ్లీ వేదిక ఎక్కిన డాన్సర్లు.

ఆయన 1967లో చనిపోయేనాటికి ఎవరు టీచర్, ఎవరు కాదు అని తేల్చే గట్టి ఏర్పాటేదీ లేదు. న్యూయార్క్‌లో ఆయన శిష్యురాలు రొమానా క్రిజనోవ్‌స్కా ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు కాపాడుకుంటూ వచ్చింది. ఇంకో శిష్యుడు రాన్ ఫ్లెచర్ 1970ల మొదట్లో దాన్ని బెవర్లీ హిల్స్‌కు తీసుకెళ్లి సినిమావాళ్లకు నేర్పాడు. టొరంటోలో 1988లో స్టాట్ పిలాటిస్, కాలిఫోర్నియాలో 1989లో రయెల్ ఇసాకోవిట్జ్ మొదలుపెట్టిన బేసి పిలాటిస్, ఆ తర్వాత పోల్‌స్టార్ అనే శిక్షణ సంస్థలు వచ్చాయి. వెన్నెముకను నేలకు పూర్తిగా ఆనించాలా, సహజమైన వంపు ఉంచాలా అనే చిన్న విషయంలో కూడా ఈ శాఖలకు ఏకాభిప్రాయం లేదు. సంగీతంలో బాణీల్లాంటివే ఇవి. మొదట ఒక బాణీ సరిగ్గా నేర్చుకోవడం ముఖ్యం. ఏది గొప్పదనే వాదన తర్వాత పెట్టుకోవచ్చు.

మన దేశంలో పిలాటిస్ నేర్పడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. అందుకే ఎవరు ఎంత చదివారో తెలుసుకోవడానికి విద్యార్థికి దారి లేదు. ఆ ట్రేడ్‌మార్క్ తీర్పు వచ్చిన మరుసటి ఏడాది, 2001లో, అమెరికాలో పిలాటిస్ మెథడ్ అలయన్స్ అనే వృత్తి సంఘం ఏర్పడింది. అది తెచ్చిన సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే అన్ని పరికరాల మీదా కలిపి కనీసం 450 గంటల శిక్షణ ఉండాలి. ఆ గంటల్లో పాఠం వినడం కొంతే. సొంత సాధన, అనుభవజ్ఞులు నేర్పుతుంటే పక్కన కూర్చుని చూడటం, ఆ తర్వాత పర్యవేక్షణలో నేర్పడం ఎక్కువ భాగం. 450 అనే అంకెను గుర్తుపెట్టుకుంటే, రెండు వీకెండ్లలో సర్టిఫికెట్ ఇస్తామనే కోర్సు ఎక్కడ నిలుస్తుందో తెలుస్తుంది. మ్యాట్ కోర్సు ఒక్కటే చేసి మొదలుపెట్టడంలో తప్పు లేదు. అదే అన్నీ అనుకోవడంలో తప్పు ఉంది. ఆ కోర్సులో వదిలేయకూడనిది పక్కన కూర్చుని చూసే గంటలు. కొత్తవాళ్లకు అవే బోర్ కొడతాయి. చూపు తయారయ్యేది మాత్రం అక్కడే.

చూపు అంటే ఏమిటి?

‘హండ్రెడ్’ అందరికీ తెలిసిన వ్యాయామం. వెల్లకిలా పడుకుని, తల, భుజాలు పైకెత్తి, కాళ్లు చాపి, చేతులు ఒంటి పక్కన నేలను కొట్టినట్టు ఆడిస్తూ ఐదు లెక్కలు గాలి పీల్చి, ఐదు లెక్కలు వదలాలి. అలా పదిసార్లు, మొత్తం వంద. ముగ్గురు చేస్తున్నారు, ముగ్గురికీ మెడ నొప్పి పుడుతోంది. ఒకరు గడ్డం పైకెత్తి మెడతోనే తలను మోస్తున్నారు. రెండో వ్యక్తికి కాళ్లు మరీ కిందికి ఉన్నాయి, పొట్ట ఆ బరువు మోయలేక ఉబ్బి నడుము లేస్తోంది, ఆ ఒత్తిడి మెడకు ఎక్కుతోంది. మూడో వ్యక్తి రోజంతా లాప్‌టాప్ మీద వంగి కూర్చునే మనిషి, వీపు పైభాగం బిగుసుకుపోయి వంగడమే లేదు. మెడ ఒకటే, కారణాలు మూడు. ‘మెడ వదులు చేయండి’ అని ముగ్గురికీ ఒకే మాట చెప్పే టీచర్‌కూ, మొదటివారికి చిన్న దిండు ఇచ్చి, రెండోవారికి మోకాళ్లు మడిపించి, మూడోవారికి ముందు వీపు కదిలించే వ్యాయామం చేయించే టీచర్‌కూ ఉన్న తేడానే ఫీజులో తేడా. వీడియో చూసి ఇంట్లో చేసుకునేవారికి దొరకనిది ఇదే.

రిఫార్మర్ అనే మెషిన్ మీద, అంటే స్ప్రింగులు తగిలించి ముందుకూ వెనక్కూ జరిగే బల్ల మీద, ఈ చూపుకు ఇంకో పరీక్ష ఉంటుంది. స్ప్రింగులు ఎక్కువ తగిలిస్తే కష్టం, తక్కువైతే తేలిక అని కొత్తవాళ్లు అనుకుంటారు. పడుకుని కాళ్లతో తోసేటప్పుడు అది నిజమే. చేతులు, కాలి వేళ్ల మీద ఒంటిని పలకలా నిలిపే ప్లాంక్ లాంటి భంగిమలో మాత్రం తలకిందులవుతుంది. స్ప్రింగు తగ్గేకొద్దీ బల్ల నిలవదు, దాన్ని నిలిపే పని అంతా పొట్ట, భుజాల మీద పడుతుంది. పెద్దావిడకు ‘తేలిగ్గా ఉంటుంది’ అని స్ప్రింగు తీసేసే టీచర్ ఆమెను ప్రమాదంలోకి నెట్టినట్టే. స్ప్రింగులు లోహం కాబట్టి అలసిపోతాయి కూడా. రెండేళ్లకోసారి మార్చమని తయారీదారులు చెప్పే లెక్కను ఖర్చుల పట్టికలో మొదటి రోజే రాసుకోవాలి. తెగిన స్ప్రింగు వల్ల ఒక్కరికి దెబ్బ తగిలినా ఆ స్టూడియో మళ్లీ లేవడం కష్టం.

ఏమి చేయించకూడదో తెలియడం ఈ చూపులో భాగమే. దాని గురించి తగినంత మాట్లాడటం లేదు. 1984లో అచ్చయిన సినాకి, మికెల్‌సెన్‌ల అధ్యయనం ఒకటుంది. వెన్నెముకలో ఎముకలు గుల్లబారిన 59 మంది మహిళలను, నెలసరి ఆగిపోయినవారిని, తీసుకున్నారు. వెన్ను వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవారిలో కొత్తగా వెన్నుపూసలు దెబ్బతిన్నది 16 శాతం మందికి. ముందుకు వంచే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి. ఏ వ్యాయామమూ చేయనివారిలో 67 శాతం మందికి. అంటే తప్పు వ్యాయామం కన్నా ఊరికే కూర్చోవడమే నయం అనిపించే లెక్క. చిన్న అధ్యయనమే, అయినా దాన్ని పక్కన పెట్టలేం. ఎందుకంటే పిలాటిస్ మ్యాట్ క్రమంలో హండ్రెడ్, రోల్ అప్, బంతిలా దొర్లడం, అన్నీ ముందుకు వంగేవే ముందు వస్తాయి. 1945లో వచ్చిన జోసెఫ్ పుస్తకంలోని 34 వ్యాయామాలను వరుసగా అందరితో చేయించడం సంప్రదాయానికి నమ్మకంగా ఉన్నట్టు కనిపించవచ్చు. అరవై ఏళ్ల అమ్మమ్మ క్లాసులో ఉంటే అది నిర్లక్ష్యం. ఆమెకు ఈత కొట్టినట్టు చేసే బోర్లా వ్యాయామాలు, తుంటి బలం, నిలబడి చేసే బ్యాలెన్స్ కావాలి. చేరేటప్పుడు అడిగే ప్రశ్నల్లో ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారన్నది తప్పకుండా ఉండాలి. గర్భిణులకు నెలలు నిండేకొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టకపోవడం, బాలింతల పొట్ట కండరాల మధ్య చీలిక ఎంతుందో చూసుకుని గానీ హండ్రెడ్ జోలికి పోకపోవడం కూడా ఇలాంటివే.

నడుము నొప్పి విషయంలో మాట జాగ్రత్తగా వాడాలి. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015 సమీక్ష పది ప్రయోగాలను, 510 మందిని కలిపి చూసింది. దాదాపు ఏమీ చేయనివారితో పోలిస్తే పిలాటిస్ చేసినవారికి నొప్పి తగ్గింది. మిగతా వ్యాయామాల కన్నా పిలాటిస్ మెరుగని చెప్పడానికి మాత్రం గట్టి రుజువు దొరకలేదు. ఇందులో టీచర్ చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. మనిషి వదలకుండా చేసే వ్యాయామమే పనిచేస్తుంది, ఇష్టంగా వచ్చేలా చేయడం టీచర్ చేతిలో ఉంది. ‘డిస్క్ సమస్య నయం చేస్తాం’ అని బోర్డు మీద రాయడం మాత్రం అబద్ధం. రోగాన్ని నిర్ధారించడం, చికిత్స చేయడం ఫిజియోథెరపిస్టుల పని. ఆ వృత్తి 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి కూడా వస్తుంది. కాలు తిమ్మిరెక్కుతోందనో, మూత్రం మీద అదుపు తప్పుతోందనో ఎవరైనా చెబితే ఆ రోజు క్లాసు లేదు, ముందు డాక్టర్ దగ్గరికి పంపాలి. అలా పంపిన టీచర్ దగ్గరికే వాళ్లు తిరిగి వస్తారు. డాక్టర్ కూడా మరొకరిని అక్కడికే పంపుతాడు. ఇందులో కమీషన్లు పెట్టుకోకూడదు. డాక్టర్ల నైతిక నియమాలు దాన్ని నిషేధించాయి. పంపిన మనిషి ఎలా ఉన్నారో నెలకు ఒక చిన్న నోట్ రాసి డాక్టర్‌కు అందించడం కమీషన్ కన్నా బాగా పనిచేస్తుంది.

తెలుగులో నేర్పితే

శిక్షణ ఇంగ్లీషులో జరుగుతుంది కాబట్టి టీచర్ నోట సూచనలు కూడా ఇంగ్లీషులోనే స్థిరపడిపోతాయి. న్యూట్రల్ స్పైన్, స్కూప్, ఆర్టిక్యులేట్. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు అవి చెవికి తెలిసిన మాటలే అయినా, ఒంటికి తెలిసిన మాటలు కావు. ఒంటికి తెలిసిన మాట తెలుగులోనే ఎక్కువమందికి ఉంటుంది. రోల్ డౌన్ చేయించేటప్పుడు ‘చుట్టిన చాప మెల్లగా విప్పినట్టు, ఒక్కో వెన్నుపూస నేలకు ఆనాలి’ అంటే వేరే వివరణ అక్కర్లేదు. గాలి వదిలేటప్పుడు పక్కటెముకలు ‘గొడుగు ముడిచినట్టు’ దగ్గరికి రావాలి. భుజాలు కిందికి లాగి, బావిలో చేద తాడు లాగినట్టు మోచేతులు వెనక్కి తేవాలి. చేద చూడని పిల్లలకు అది పనికిరాదు, వాళ్లకు ఫ్రిజ్ తలుపు లాగినట్టు అనాల్సి వస్తుంది. ఏ పోలిక ఎవరికి తగులుతుందో చూసుకోవడం కూడా చూపే.

మాటలు తక్కువగా ఉండాలి. కొత్త టీచర్లు నిశ్శబ్దానికి భయపడి ఆగకుండా మాట్లాడతారు. ఒక వ్యాయామంలో ఒక మనిషికి ఒక సవరణ చాలు. ముందు ప్రమాదకరమైనదాన్ని ఆపాలి, తర్వాత శ్వాస, అందం అన్నిటికన్నా చివర. టీచర్ తాను కూడా మ్యాట్ మీద పడుకుని క్లాసంతా చేయడం ఇంకో అలవాటు. పైకప్పును చూస్తూ విద్యార్థిని చూడలేరు. రెండుసార్లు చేసి చూపించి లేచి నిలబడాలి, గదిలో తిరగాలి. చేత్తో తాకి సరిచేయాలంటే ముందు అడగాలి, ప్రతిసారీ అడగాలి. మన దగ్గర మొహమాటంతో వద్దనలేకపోతారు కాబట్టి అడిగే తీరులోనే వద్దనడానికి చోటు ఉండాలి. కాగితం మీద మొదటి రోజే అవును, కాదు అని గుర్తు పెట్టించుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

డబ్బు లెక్క

ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. ఊరిని బట్టి, వీధిని బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం మారదు.

ఒక రిఫార్మర్ దాదాపు ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. చేతులు చాపడానికి, టీచర్ చుట్టూ తిరగడానికి చోటు కలిపితే నాలుగు మెషిన్లకు, చిన్న రిసెప్షన్‌కు 500 నుంచి 600 చదరపు అడుగులు కావాలి. అద్దె, కరెంటు, మెషిన్ల వాయిదా, ఊడ్చేవారి జీతం అన్నీ కలిపి నెలకు 1,20,000 రూపాయలు అనుకుందాం. నలుగురి క్లాసులో మనిషికి 700 తీసుకుంటే నిండు క్లాసుకు 2,800 వస్తుంది. ఖర్చు రాబట్టడానికి 43 క్లాసులు చాలు. సగమే నిండితే 86 క్లాసులు కావాలి. టీచర్ గొంతు, నడుము పాడుచేసుకోకుండా వారానికి 25 గంటలు నేర్పగలరనుకుంటే నెలకు దాదాపు 107 గంటలు. క్లాసులన్నీ నిండితే ఖర్చులు పోను దాదాపు 1,80,000 మిగులుతుంది. సగం నిండితే 30,000 కూడా మిగలదు. చేసే శ్రమ రెండు చోట్లా ఒకటే. మిగులు తేడా మాత్రం ఆరు రెట్లు. అందుకే ఈ వృత్తిలో మొదట పెరగాల్సింది మెషిన్ల సంఖ్య కాదు, ఉన్న చోట్లు నిండటం. నాలుగు మెషిన్లు సగం ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో నాలుగు కొనేవారు బిజినెస్ పెంచుకుంటున్నామనుకుంటారు. పెరిగేది వాయిదాలే.

మెషిన్ లేకుండా మొదలుపెట్టే దారులూ ఉన్నాయి. గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఎనిమిది మంది మ్యాట్ బ్యాచ్, మనిషికి 300 చొప్పున, నిండితే గంటకు 2,400. అద్దె నామమాత్రం. ఒంటరిగా నేర్చుకునేవారి దగ్గర గంటకు 1,500 తీసుకుంటే, మ్యాట్ బ్యాచ్‌లో కనీసం ఐదుగురు వస్తేనే దానికి సమానం. ఈ పోలిక వేసుకోకుండానే ‘గ్రూప్ అంటే లాభం’ అని చాలామంది అనుకుంటారు. ఇంకొకరి స్టూడియోలో గంటల లెక్కన మెషిన్లు అద్దెకు తీసుకోవడం మధ్యేమార్గం. మొదటి రెండేళ్లకు అదే మంచి దారి. అప్పు లేని టీచర్ విద్యార్థికి నిజం చెప్పగలరు. వాయిదా నెత్తి మీద ఉన్నవారికి ‘మీకు ఇది ఇప్పుడు వద్దు, ముందు డాక్టర్‌ను కలవండి’ అనడం కష్టం.

గంటల్లో కూడా అన్నీ ఒకటి కావు. ఉద్యోగులు వచ్చేది ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9. మిగతా పగలంతా గది ఖాళీ. పదకొండింటికి రాగలిగేది పిల్లలను స్కూలుకు పంపిన తల్లులు, బాలింతలు, రిటైరైనవారు. వీళ్ల శరీరాలకు ఎక్కువ నేర్పు కావాలి. ఎముకల గురించీ బాలింతల గురించీ పైన చెప్పిన చదువంతా ఇక్కడ డబ్బుగా మారుతుంది. పగటి గంటలు నింపగలిగిన టీచర్ అద్దె గెలిచినట్టే.

ఇంకో లెక్క, ఇది మరీ ముఖ్యం. స్టూడియోలో ఎప్పుడూ 30 మంది ఉండాలనుకుందాం. సగటున ఒక్కొక్కరు మూడు నెలలు ఉండి మానేస్తే ఏడాదికి 120 మంది కొత్తవారు కావాలి. ఏడాది పాటు ఉంటే 30 మంది చాలు. డెమో క్లాసుకు వచ్చినవారిలో సగం మంది చేరతారనుకుంటే మొదటి సందర్భంలో 240 డెమోలు ఇవ్వాలి, రెండోదానిలో 60. అంటే 180 గంటలు ఉచితంగా పోతున్నాయి. ఈ గంటలు ఏ ఖర్చుల పట్టికలోనూ కనిపించవు, అందుకే ఎవరికీ బాధ అనిపించదు. ప్రకటనల మీద పెట్టే ఆలోచనలో సగం, మూడో నెలలో మనిషి ఎందుకు మానేస్తున్నారన్నదాని మీద పెడితే ఫలితం వేరుగా ఉంటుంది. ఎక్కువగా కనిపించే కారణం ఒకటే: తమలో మార్పు ఏమొచ్చిందో వాళ్లకు తెలియదు. పిలాటిస్‌లో మార్పు తూకం మీద కనిపించదు. కింద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా, ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడుతున్నారు, ఎంతసేపు కూర్చుంటే నడుము పట్టేస్తోంది. ఈ మూడూ చేరిన రోజు రాసి, ఎనిమిది వారాలకు మళ్లీ రాసి చూపిస్తే, మానేద్దామనుకున్న మనిషి ఉండిపోతారు.

దీనికి బదులు చాలా చోట్ల ఏడాది ప్యాకేజీ తక్కువ ధరకు అమ్మి మనిషిని కట్టేయాలని చూస్తారు. ముందుగా తీసుకున్న ఆ డబ్బు ఆదాయం కాదు, అప్పు. ఇంకా చెప్పని పదకొండు నెలల క్లాసుల బాకీ. దానితో రెండో బ్రాంచికి అడ్వాన్సు కడితే, బాకీ తీర్చాల్సిన నెలల్లో చేతిలో రూపాయి ఉండదు. నెలవారీ, లేదా పది క్లాసుల ప్యాకేజీ నిజాయితీ గలది. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. వేసవి సెలవులకు పిల్లలతో ఊళ్లకు పోతారు. ఇవి ప్రతి ఏడాదీ వచ్చేవే కాబట్టి ప్యాకేజీ గడువులో వారం పది రోజులు ముందే కలిపి ఇవ్వాలి. ఆ తర్వాత గొడవ పడి ఇవ్వడం కన్నా అది గౌరవం.

ఇన్‌స్టాగ్రామ్ అవసరమే. కానీ అక్కడ పెట్టేదాన్ని బట్టే వచ్చే మనుషులు ఉంటారు. కాడిలాక్ అనే, పైన చట్రం ఉన్న మంచం లాంటి పిలాటిస్ మెషిన్ మీద తలకిందులుగా వేలాడే వీడియో చూసి వచ్చేది అప్పటికే ఒళ్లు వంగేవారు. నడుము నొప్పితో ఉన్న నలభై ఏళ్ల మనిషి దాన్ని చూసి ‘ఇది మనకు కాదు’ అనుకుని వెళ్లిపోతారు. ఆ మనిషి కావాలంటే ఆ మనిషి చేయగలిగినదే, తెలుగులో, నిదానంగా చూపించాలి. ముంబైలో యాస్మిన్ కరాచీవాలా, నమ్రతా పురోహిత్ సినీతారలకు నేర్పడం వల్ల పిలాటిస్ అనే మాట మన దేశంలో ఇంటింటికీ తెలిసింది. దాని మేలు అందరు టీచర్లకూ దక్కింది. కొండాపూర్‌లోనో గుంటూరులోనో క్లాసు నిండేది మాత్రం ‘మా అత్తగారికి మోకాలు బాగయింది’ అనే మాట మీద.

విదేశాల్లోని తెలుగువారికి ఆన్‌లైన్ క్లాసులు నిజమైన అవకాశం. హైదరాబాద్‌లో ఉదయం ఆరున్నర అయితే డల్లాస్‌లో అంతకుముందు రోజు రాత్రి, వేసవిలో ఎనిమిది, చలికాలంలో ఏడు. పిల్లలకు అన్నం పెట్టేసిన వేళ. వినే భాష కూడా తమదే. ఆన్‌లైన్‌లో తాకి సరిచేయలేరు కాబట్టి మాటే చెయ్యి కావాలి. కెమెరా పక్క నుంచి, నేల ఎత్తులో పెట్టించాలి. ఆరుగురికి మించితే తెర మీద ఎవరి నడుమూ కనిపించదు. ముప్ఫై మందిని చేర్చుకుని ఆన్‌లైన్ క్లాసు అనడం వీడియో అమ్మడమే, దాని ధర కూడా వీడియో ధరలాగే పడిపోతుంది.

పన్ను సంగతి క్లుప్తంగా. ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటని సేవలకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటితే, 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్, యోగా లాంటి ఫిట్‌నెస్ సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ లేదు. మెషిన్ మీద, అద్దె మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, అదంతా ఖర్చే. మ్యాట్ క్లాసులు నడిపేవారికి ఇది లాభం. కొత్తగా పది మెషిన్లు కొనబోయేవారు మాత్రం అకౌంటెంట్ దగ్గర కూర్చుని లెక్క మళ్లీ వేసుకోవాలి.

చివరగా రెండో టీచర్ సమస్య. చోట్లన్నీ నిండాక, 25 గంటలు అయిపోయాక, పెరగాలంటే ఇంకొకరిని పెట్టుకోవాలి. యజమాని భయం ఎప్పుడూ ఒకటే: నేర్పిస్తే రేపు వెళ్లి పక్క వీధిలో తెరుస్తుంది, విద్యార్థులను తీసుకుపోతుంది. అందుకని ‘మానేశాక రెండేళ్లు ఈ పని చేయకూడదు’ అని అగ్రిమెంటు రాయించుకుంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక అలాంటి షరతు చెల్లదు. పేరు మీద హక్కు లేనట్టే, కదలికల మీద హక్కు లేనట్టే, మనుషుల మీదా హక్కు లేదు.

నిలబడిన స్టూడియోలు వేరే పని చేస్తాయి. ప్రతి విద్యార్థికీ ఒక పేజీ ఉంటుంది. పాత దెబ్బలు, చేయించకూడనివి, ఏ వ్యాయామానికి ఏ స్ప్రింగు, ఏ పోలిక చెబితే అందుకున్నారు, ఎనిమిది వారాల కిందట ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు. క్లాసు అయిన ఐదు నిమిషాల్లో రెండు వాక్యాలు రాయడం టీచర్ జీతంలో భాగం, ఆ ఐదు నిమిషాలకూ డబ్బు కడతారు. రెండో టీచర్ మొదటి రోజు క్లాసులోకి వచ్చి, ‘మీ ఎడమ భుజం ఆపరేషన్ అయింది కదా, ఈ రోజు దీన్ని తేలిక స్ప్రింగుతో చేద్దాం’ అంటే, విద్యార్థి టీచర్ మారిన సంగతి రెండు వారాల్లో మర్చిపోతారు. ఆ టీచర్‌కు క్లాసుకు ఇంత అని కాక, తన బ్యాచ్‌లో ఆరు నెలలు దాటి కొనసాగుతున్నవారి సంఖ్యను బట్టి కొంత అదనంగా ఇచ్చే పద్ధతి పెడితే, ఆమె చూపు కూడా డెమోల మీద కాక, ఎదురుగా ఉన్న మనిషి మీదే ఉంటుంది.